కాగితం చూస్తే వరసకట్టే పేట

మీ గుమ్మంలోకి కొత్తమనిషి ఎవరో కాగితాలు పట్టుకొని వస్తే, మీరు లేచి వరసలో నిలబడి అరచేతులు చూపిస్తారా? చూపించే పేట ఒకటి దివిసీమలో ఉంది. యూనివర్సిటీలో సంఘశాస్త్రం చెప్పే సుందరరావుగారు ఆ పేట మీద పుస్తకం రాస్తున్నారు. ఆదివారాలు నేనక్కడ బైబిలు వాక్యం చెబుతాను కనుక దారి చూపమన్నారు.

బందరులో పొద్దున్నే మొదటి బస్సెక్కితే చల్లపల్లికి ముప్పావలా. అక్కడ కాఫీ తాగి అవనిగడ్డ బస్సు పట్టుకోవాలి. ఆపైన కాలువగట్టు మీద గంట నడక. దారిలో ఆయన, పాతకాలపు కలెక్టరు దొర రాసిన పుస్తకం ఒకటి చదివి వినిపించారు. ఈ పేటవాళ్ళ కులం దొంగతనాలకే పుట్టిందని అందులో ఉంది. అలాంటి రాతలు పట్టుకొనే దొరతనం వీళ్ళని పుట్టుదొంగల కింద జమకట్టే చట్టం చేసింది. స్వరాజ్యం వచ్చాక చట్టం పోయింది, పుస్తకం మిగిలింది.

"మా శాస్త్రానికి ఈ దేశంలో ఓనమాలు ఇవేనండీ," అన్నారాయన.

తన బలం చూసుకోవడానికి జనాన్ని లెక్కపెట్టించి దేవుని కోపం తెచ్చుకున్న రాజు సంగతి లేఖనం తీసి చూపించాను. నవ్వి పేజీ తిప్పారు.

పేటలో తట్టలల్లుతున్న మగవాళ్ళు ఆయన చేతిలో కాగితాలు చూడగానే లేచారు. వరసకట్టి, పేర్లు చెప్పి, చేతులు చాపారు. ఇది పెద్దలనాటి ఆచారమా అని ఆయన అడిగితే, ముందున్న పోలయ్య అవునన్నాడు. వాళ్ళ నాన్న కూడా ఇలాగే నిలబడేవాడట. అతిథికి ఈ కులం చేసే మర్యాద ఇదని ఆయన రాసుకొని, నాకు చదివి వినిపించారు.

"మీ నాన్న ఎవరికి నిలబడేవాడు పోలయ్యా?" అన్నాను.

"పోలీసయ్యగారికండి. పొద్దున్నోసారి, మాపటేళ ఓసారి, హాజరుకీ వేలిముద్రకీనండి."

అతని భార్య మంగమ్మ వెదురు చీలుస్తూ, "చట్టం పోయిందని వీళ్ళ చెవులకి చెప్పారండి, కాళ్ళకి చెప్పలేదు," అంది. తమ కొడుకు చల్లపల్లిలో ఒక మిల్లులో కాపలా పని అడిగితే, మీ గురించి పుస్తకంలోనే ఉందని యజమాని పొమ్మన్నాడట. "తమరు రాసేది కూడా ఆయన చదువుతాడా బాబూ?" అని అడిగింది.

సుందరరావుగారు రాసిన వాక్యం కొట్టేశారు. కాగితాలు సంచిలో పెట్టి చాప మీద కూర్చున్నాక, మగవాళ్ళు కూడా కూర్చున్నారు. తిరుగుదారిలో ఆ మిల్లు దగ్గర తనే దిగి, పుస్తకంలో ఉన్నది అబద్ధమని యజమానికి చెప్పారు.

"మీ మాట కూడా అచ్చులోకి రానివ్వండి మాస్టారూ, అప్పుడు చూద్దాం," అన్నాడా యజమాని.

ఏలడానికి రాసుకున్న మాట చదువుగా మారితే, ఏలినవాడు ఓడెక్కి పోయినా అది ఇక్కడే కాపురం చేస్తుంది. మీరూ ఆ పేటకు వెళ్తే, గట్టు దిగకముందే కాగితాలు సంచిలో పెట్టుకోండి. ఇక మిల్లూ కొట్టూ ఉన్న అయ్యలారా, సుందరరావుగారి పుస్తకం అచ్చయ్యేదాకా ఆ కుర్రవాడి ఆకలి ఆగదు. పని కోసం ఇవాళ కూడా చల్లపల్లి సెంటర్లోనే నిలబడి ఉంటాడు. రేపటిదాకా ఆగకండి. ఈరోజే పిలిచి, తాళంచెవులు అతని చేతిలో పెట్టండి.