చప్టా కింద మూత

రాయి బిడ్డా. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యల నీ ఇస్కూలు తెలుగు పెట్టకు.

మీ తాత నౌకరీ చేసినన్ని దినాలు పాల్వంచల కంపెనీ క్వార్టర్ల ఉన్నం. ఆడ ఏ పైపు జామైనా రిజిస్టర్ల రాసొస్తె చాలు, మనిషొచ్చి చేసిపోయేటోడు. మురుగు ఏడికెళ్లి ఏడికి పోతదో నేనెన్నడు అడగలే. రిటైరైనంక ఊరి చివర్న సొంతిల్లు కట్టుకున్నం. మాతోటే పక్కింటోళ్లు గూడ కట్టుకున్నరు. రోడ్డు కింద మున్సిపాలిటోళ్ల డ్రైనేజీ లైను అప్పుడే పడ్డది. రెండిండ్లకు రెండుసార్లు తవ్వుడెందుకని మా వాకిట్ల ఒకటే చాంబరు కట్టినం. ఆళ్ల పైపు, మా పైపు దాంట్లనే కలుస్తయి, ఆడికెళ్లి ఒక్క పైపు రోడ్డుకు. ఆళ్లిల్లు మాకంటే జానెడు పల్లం.

పక్కింటామె నాకంటే చిన్నది. అక్కా అక్కా అనుకుంట తిరిగేది. పొద్దుగాల ఆమె చాయ్ నేను తాగాలె, పగటీలి నా పప్పుచారు ఆమె తినాలె.

గా చాంబరు మూత చూస్తె నాకు కంపరం. మేస్త్రీని పిలిచి దాని మీదనే గిన్నెలు తోముకునే చప్టా పోయించిన, ఎర్రగ, నున్నగ. మీ తాత చూసి, దీనికి శిలాఫలకం గూడ పెట్టిద్దామా, ఎమ్మెల్యేను పిలుస్త అన్నడు. గ్యాసున్నా స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యే గద. ఆ బూడిద, కొబ్బరి పీచు, గవ్విటితోటే తోముడు నాకలవాటు. సబ్బు పెడితె గిన్నె వాసనొస్తదని నా పట్టుదల. బూడిద నీళ్లన్ని చప్టా మూలకున్న, చాంబర్లకే దిగే తూముల పోసేదాన్ని. నీళ్లల్ల కలిసినంక పోక ఏడికి పోతదనుకున్న.

మూడో ఎండకాలం ఆమె వచ్చి, బాత్‌రూంల నీళ్లు నిలవడుతున్నయి, చాంబరు తీసి చూద్దామన్నది. తియ్యాల్నంటె చప్టా పగలగొట్టాలె. లైను మున్సిపాలిటోళ్లది, ఆళ్లకు చెప్పుకోమన్న. మళ్లొకసారి వచ్చింది, గదే చెప్పిన. మా ఇంట్ల నీళ్లు మంచిగనే పోతున్నయి మరి. మూడోసారి వచ్చి, తన బిడ్డ కాన్పుకొచ్చింది, వానలు పడకముందే చేపిద్దామని బతిలాడింది. నీ ఇంట్ల పైపు నువ్వు చూపిచ్చుకో, నా చప్టా జోలికి రాకు అన్న. ఇది గూడ రాయి, దాటెయ్యకు.

బాలింత ఇంటికొచ్చిన తొమ్మిదో దినం వాన దంచింది. మా వాకిట్ల నీళ్లన్ని తూములకే దిగినయి. రోడ్డుకు పోయే తొవ్వ లేక, మురుగు ఆళ్ల బాత్‌రూంలకెళ్లి ఎగదన్నింది, బాలింత మంచం కిందిదాక. నేను ఉరికిపోయేసరికి ఆమె పసిదాన్ని గుడ్డల చుట్టుకొని గడపల నిలవడ్డది. నన్ను తిట్టలే.

"మూడుసార్లు వచ్చిన గదక్కా" అన్నది. గంతే.

ఆటో మాట్లాడుకొని అందరు ఆమె అన్నగారింటికి పోయిండ్రు. తెల్లారి నేనే నిలవడి చప్టా పగలగొట్టించిన. మున్సిపాలిటీ ఆయన మూత లేపిండు, విషపు గ్యాసుంటదని ఎవ్వరిని లోపలికి దింపనియ్యలే. మీద నిలవడే వెదురు బద్దలు జోడించి పొడిచిండు. బూడిద, పీచు, నూనె జిడ్డు కలిసి సిమెంటు లెక్క గట్టిపడ్డ గడ్డలు బయటికొచ్చినయి. రోడ్డు లైనుదాక పైపు మీదేనమ్మా, మీరే చూసుకోవాలె, ఆడికెళ్లి మాది అన్నడు. గా ఒక్క ముక్క ఇల్లు కట్టిన్నాడు అడిగితె అయిపోయేది.

పసిదానికి విరేచనాలు పట్టుకొని దవాఖానల పెట్టిండ్రని ఇన్న. బాగైంది గని, నాకు చూడపోను మొఖం లేకపాయె. గదింకో తప్పు. ఆళ్లు ఇల్లు కిరాయికిచ్చి మధిర దిక్కు పోయిండ్రు. ఒక్కసారి ఇల్లు చూసుకుంటానికి వచ్చి, మంచిగున్నవా అక్కా అన్నది. అవ్ అన్న. తప్పు నాదే చెల్లె అనాల్నని నోటిదాక వచ్చింది. ఆమె చాంబరు మూత దిక్కు ఒకసారి చూసి, చెప్పులేసుకొని పోయింది.

ఇప్పుడు బూడిద బెండచెట్లకేస్త. తూముకు ఇనుప జాలీ పెట్టించిన. ఏటా తొలకరికి ముందు మూత తీపిస్త. పక్కింట్ల కిరాయికున్న పిల్ల, ఏం ఆగలే గద అవ్వా, ఎందుకు తీపిస్తవ్ అని నవ్వుతది. ఎవ్వరు వచ్చి అడగకముందే తియ్యాలె బిడ్డా అంట.

ఏదీ, రాసింది చదువు. మూడుసార్లు వచ్చిందని రాసినవా?