సున్నం లేని తాంబూలం

2022 ఎండాకాలం. నరసరావుపేటలో ఒక చిన్న గుండె ఆసుపత్రిలో నేను వార్డు నర్సుని. మాచవరం వైపు నుంచి అంకమ్మ పిన్నిని ఆమె భర్త కోటయ్య బాబాయ్ తీసుకొచ్చాడు. ఆమెది అప్పటికే అడ్వాన్స్‌డ్ హార్ట్ ఫెయిల్యూర్, అంటే మందులు వాడుతున్నా గుండె రక్తాన్ని సరిగా నెట్టలేని దశ. ఈసారి కొత్తగా మత్తొకటి. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేది. ఇక చివరి రోజులేనని చుట్టాలంతా వచ్చి చూసి వెళ్లారు.

రక్తపరీక్షలో కాల్షియం బాగా ఎక్కువొచ్చింది. అది మితిమీరితే మనిషికి మత్తు కమ్ముతుంది. కాల్షియం మాత్రలేమైనా వాడుతున్నారా అని డాక్టరు గారు అడిగితే బాబాయ్ లేదన్నాడు. సాయంత్రం నేను మందులివ్వడానికి వెళ్లేసరికి, ఆయన మంచం పక్కన కూర్చుని తమలపాకుకి సున్నం దట్టంగా రాస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బాబాయ్ ఇది! మత్తులో ఉన్న మనిషికి ఆకూవక్కా? గొంతుకడ్డం పడితే ఏంగాను?"

"ఇంటికాడ పొద్దస్తమానం నేనే చుట్టిస్తానమ్మా. లారీ తోలినన్నాళ్లు ఇంటిపట్టున ఉన్నానా ఏందీ? నోరు పండితే మొగుడికి చానా ప్రేమంట. అద్దంలో చూసుకుని మురిసిపోద్ది పిచ్చిది."

విషయం డాక్టరు గారికి చెప్పాను. సున్నంలో ఉండేది కాల్షియమే. పైగా ఒంట్లో నీరు తీయడానికి ఆమె వాడే మాత్ర దాన్ని బయటికి పోనివ్వదు. ఆయన మాత్ర మార్చి, సున్నం మాన్పించారు. "మత్తు దిగుతుంది. గుండె మాత్రం బాగుపడదు" అని దాచకుండా చెప్పారు. నా చేతులతో నేనే చంపుకునేవాణ్ణి గదమ్మా అని బాబాయ్ వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు.

కొద్దిరోజులకి పిన్ని లేచి కూర్చుంది. వట్టి ఆకూవక్కా నములుతూ మొగుణ్ణి ఆటపట్టించేది.

"నోరు పండట్లేదేందయ్యా? నామీద మోజు తీరిందా?"

"సున్నం పెడితే నువ్వు దక్కవే."

మరుసటేడు మిరపకోతల దాకా ఇంటిదగ్గర బాగానే గడిచింది. మళ్లీ వచ్చినప్పుడు ఆయాసం. మాటలో తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఇక మందులు పనిచేయవని డాక్టరు గారు చెప్పేశారు. బాబాయ్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు పెట్టొచ్చా అమ్మా, కాస్త సున్నం?"

డాక్టరు గారి వైపు చూశాను. ఆయన తలూపారు.

"పెట్టు బాబాయ్."

పిన్నిని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాం. మెల్లగా నమిలి, బాబాయ్ సెల్లులో నాలుక చూసుకుంది. "ఎట్టా పండిందో చూడు అమ్మాయ్!" అని నాకూ చూపించింది.

రోగికి ఏది వద్దో చెప్పడమే నా పని అనుకునేదాన్ని. ఆ రోజు పెట్టమన్నందుకు ఇప్పటికీ నాకు సంతోషంగానే ఉంటుంది.