తుంగ పీకిన చేతులు

మా ఊరి పైన కొండలో ఇనుపరాయి తవ్విన గని మూతపడ్డాక, ఆ గుంతలో వాన నీళ్ళు నిలిచి కొంగలు, నీటికోళ్ళు చేరాయి. చుట్టూ పోసిన ఎర్రమట్టి దిబ్బలు మాత్రం వాన వచ్చినప్పుడల్లా కరిగి, కిందున్న మా చేను మీద మేట వేసేవి. నాలుగేళ్ళు అందులో గింజ పండలేదు. ఆ వేసవిలో ట్రాక్టరు పెట్టి మేటంతా ఎత్తించాం. మళ్ళీ మట్టి దిగితే ఆ చేను మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే, గుంతను మడుగులా బాగుచేసి, దిబ్బల మట్టి కిందికి రాకుండా గట్టు నిలబెడతామని ఒక మేడం వస్తే, అందరికంటే ముందు పనికి వెళ్ళింది నేనే.

నేనూ మా వదినా చిన్నప్పటినుంచి కెంచనగుడ్డ ఊరి పక్క వరిమళ్ళలో కలుపు తీసినవాళ్ళం. గట్టు శుభ్రం చేయమని చెప్పి మేడం బళ్ళారికి వెళ్ళింది. నీళ్ళ అంచున పచ్చగా తుంగ లేచి ఉంది. చూశాక చేతులు ఊరుకుంటాయా? మధ్యాహ్నానికల్లా ఒక్క పోచ మిగల్చకుండా, వేళ్ళతో సహా పీకి కుప్ప పోశాం.

మేడం తిరిగి వచ్చి, ఆ కుప్ప చూసి నిలబడిపోయింది.

"ఎవరమ్మా ఇది పీకింది?"

"మేమే మేడం. చూడు, ఎంత నున్నగా ఉండాదో!" అన్నాను గర్వంగా.

"అయ్యో అమ్మా, అది నేను నాటించింది! మట్టి జారకుండా పట్టేది ఆ వేళ్ళే కదా."

వదినకు నవ్వు ఆగలేదు. "తుంగని యాడన్నా నాటుతారా తల్లీ? మా మామ బతికుంటే కట్టె తీసుకొని నిన్ను తరుముతాండె!"

నాకు నవ్వు రాలేదు. కొండ మీద మబ్బు కమ్ముతోంది. నా చేను మీదికి మట్టిని నా చేతులతో నేనే పిలిచాను.

"వదినా, నగింది సాలు. నారు మాదిరి కట్టలు కట్టు," అన్నాను.

తుంగను నీళ్ళలో తడిపి, వరినాటు వేసినట్టే వెనక్కి నడుస్తూ బొటనవేలితో బురదలోకి అదిమాం. మేడం మమ్మల్ని పొమ్మనవచ్చు. అనలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తనూ దిగింది.

"ఇంత దగ్గరగానా అమ్మా?"

"మట్టికి సందియ్యగూడదు మేడం."

పొద్దు వాలేసరికి వదిన నడుము పట్టుకుని, "ఇన్నాళ్ళు తిట్టిండే తుంగని, కడాకు బతకమని బతిమాలుకుంటాండామే!" అంది.

వాన మూడు రోజులు ఆగి వచ్చింది. ఆగిన ఆ మూడు రోజులకూ దండం పెట్టాను. తెరిపి ఇవ్వగానే చేనుకు పరుగెత్తాను. ఒక మూల కాస్త మేట పడింది. మిగతా నేలంతా నల్లగా, నాదిగానే ఉంది.

ఆ ఏడు జొన్న వేశాం. పాలకంకులు కాల్చి, నలిపి రాల్చిన ఊచబియ్యం కొంగున కట్టుకుని గుంత దగ్గరికి వెళ్ళాను. మేడం పిడికెడు నోట్లో వేసుకుని, నమలడం పూర్తికాకముందే తన కన్నడంలో అడుగుతూ చెయ్యి చాపింది.

"ఇన్నూ స్వల్ప కొడమ్మా."

ఇంకొంచెమేమిటి, కొంగులో ఉన్నదంతా ఆమె దోసిట్లో కుమ్మరించాను.