బాయిగడ్డ బ్లాగు

జనగామలో కాలిపోయిన బావి మోటర్లకు తీగ చుట్టే కుమారస్వామికి మనుషుల పేర్ల కన్నా బాయిల పేర్లే బాగా గుర్తు. కాలిపోయిన మోటరు దుకాణానికి వస్తే ముందు సుద్దముక్క తీసి దాని మీద బాయి పేరు రాసేవాడు. ఊటబాయి, రాళ్ళబాయి, దెయ్యాలబాయి. ఆసామి పేరు అడిగేది ఆ తర్వాతే. భూమి పాళ్ళు పడుతుంది, చేతులు మారుతుంది, బాయి పేరు మాత్రం ఎక్కడికీ పోదని ఆయన అనుకునేవాడు. బోర్లు వచ్చి బాయిలు పూడ్చడం మొదలయ్యాక అదీ పోతుందని తెలిసింది.

కళ్ళకు సన్నతీగ ఆనడం మానేశాక దుకాణం కొడుకు హరీష్‌కు అప్పజెప్పి, గ్రంథాలయంలో కూచొని చదువుకోవడానికి అలవాటు పడ్డాడు. చదివీ చదివీ ఒకరోజు తనకూ రాయాలనిపించింది. బాయిల పేర్లు, వాటి వెనక ముచ్చట్లు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే శ్రీపాల్ ఆయనకు బ్లాగు కట్టిపెట్టాడు. దానికి ‘బాయిగడ్డ’ అని పేరు. పేజీ తెరవగానే నీళ్ళు పారే చప్పుడు, పైనుంచి రాలే పూలు, వాటంతటవే మారిపోయే బొమ్మలు.

"గింత ఎందుకురా శ్రీపాలూ?" అన్నాడు కుమారస్వామి.

"జనం సోకు చూసే వస్తరు కాకా. ముచ్చట తర్వాత."

కుమారస్వామికి ఆ సోకులో నచ్చింది ఒక్కటే. ప్రతి ముచ్చట కింద చదివినవాళ్ళు రాయడానికి చోటుంది. చిన్నప్పుడు వాకిట్లో కథ చెప్పేవాళ్ళు, ఎదుట ఊ కొట్టే మనిషి లేకపోతే నోరు తెరిచేవాళ్ళు కాదు. ఈ కింది రాతలు ఆయనకు ఆ ఊ లాగే ఉండేవి. రఘునాథపల్లి నుంచి ఒకాయన మా దిక్కు కూడా దెయ్యాలబాయి ఉండేదని రాసేవాడు. మహబూబాబాద్ నుంచి ఒకామె, మా బాయి ఫోటో ఉంది పంపనా అని అడిగేది. పొద్దున చాయ్ తాగుతూ అవి చదువుకుంటే ఆ పూటంతా మనసు నిమ్మళంగా ఉండేది.

ఊ కొట్టాల్సిన అసలు మనిషికే ఆ బ్లాగు అందలేదు. ఆయన అక్క కొమురమ్మ కాటారం అవతల అడివంచు ఊళ్ళో ఉంటుంది. తల్లి పొలం పనికి పోతే తమ్ముణ్ని చంకనేసుకొని పెంచింది ఆమెనే. చదువు రాదు. కోడలు మంజుల డాబా మీదికెక్కి, సిగ్నల్ దొరికిన మూలన నిలబడి తెరుస్తుంది.

"తమ్మీ, గది తిరుగుతనే ఉంది, గానుగెద్దు లెక్క" అనేది కొమురమ్మ ఫోనులో. "ఏం రాసినవో నువ్వే చెప్పరాదు?"

చెప్పేవాడు. కానీ రాసింది రాసినట్టు ఆమె చెవిన పడాలని ఆయనకు ఆశ.

ఇట్లా ఉండగా నర్మెట్ట నుంచి పాత గిరాకీ ఐలయ్య ఫోన్ చేశాడు. "ఏం కుమారస్వామీ, బాయిగడ్డ మీద పత్తాలాట పెట్టినవట?"

తెరిచి చూస్తే నిజమే. ఊటబాయి ముచ్చట ఉండాల్సిన చోట పేకాట ప్రకటన. శ్రీపాల్ వచ్చి శుభ్రం చేశాడు. సోకుల కోసం బ్లాగుకు అదనంగా తగిలించి, అప్‌డేట్లు చేయక వదిలేసిన ఒక ప్లగిన్ సందులోంచి ఎవరో దూరారట.

"ఇగ కాపలాకు ఇంకో ప్లగిన్ ఏస్త కాకా."

హరీష్ భార్య కీర్తన అప్పుడే నర్మెట్ట బస్సు దిగి వచ్చింది. అక్కడి ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. చెప్పులు విడుస్తూ అంది: "దొంగ ఎక్కువ పెట్టిన తలుపుల్లకెళ్ళే వచ్చిండు, ఇగ ఇంకో తలుపు పెడ్తవా అన్నా?"

శ్రీపాల్ మొహం చిన్నబోయింది. కుమారస్వామే సర్దిచెప్పి పంపించాడు.

అన్నం తినేటప్పుడు కీర్తన నెమ్మదిగా చెప్పింది. శ్రీపాల్ కట్టింది సీఎంఎస్, అంటే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం. చదివే మనిషి వచ్చినప్పుడల్లా లోపలి నుంచి అక్షరాలు, బొమ్మలు తెచ్చి అప్పటికప్పుడు పేజీ కూరుస్తుంది. స్టాటిక్ సైట్ అట్లా కాదు. పేజీ ముందే తయారై ఉంటుంది, అడిగినవాళ్ళకు ఇచ్చేయడమే.

"అంటే వచ్చినోనికల్లా మోటరేసి నీళ్ళు తోడుడా, పొద్దుగాల్నే గోలెం నింపిపెట్టుడా. గంతేనా?"

"గంతే మామా. గోలెంల ముంచుకుంటే ఎంతసేపు? మీ అక్క ఫోన్ల గూడ తెరుచుకుంటది. దొంగకు దూరే సందు గూడ తక్కువ."

"మరి ఇన్ని రోజులు చెప్పవైతివి?"

"కింద రాసే జాగ ఉండది మామా. మీరు అవే చదువుకుంటరని చెప్పలే."

కుమారస్వామి చేతిలో ముద్ద ఆగింది. ఊ కొట్టేవాళ్ళందరినీ వాకిలవతల నిలబెట్టి ఒక్క అక్క కోసం కథ చెప్పాలా? అక్కను వదిలేసి మిగతా వాళ్ళకు చెప్పాలా? ఈ సంగతి విన్న శ్రీపాల్ మరునాడు వచ్చి ఇంకో పుల్ల పెట్టాడు: "గా స్టాటిక్‌ల రాసుడు నీతోని కాదు కాకా. కోడలు పుట్టింటికి పోతే నీ బ్లాగు బంద్."

అది మాత్రం గుచ్చుకుంది. బస్సులో నలిగి వచ్చే పిల్లను ప్రతిదానికీ అడగడం ఆయనకు ఇష్టం లేదు. కీర్తన ఆ మాట విని నవ్వింది. ఫోనులోనే మామూలు అక్షరాలతో రాయడం, శీర్షిక ముందు ఒక గుర్తు పెట్టడం, పంపితే పేజీ దానంతటదే కట్టుకోవడం చూపించింది. రెండు రోజులు పక్కన కూచుంది. మూడోనాడు వంటింట్లోంచే అడిగింది: "వచ్చిందా మామా?"

"వచ్చింది బిడ్డా. నువ్వు కూర సూస్కో."

అయినా పాతది తీసేయమని నోరు రాలేదు. అక్క దగ్గరికి పోయి, ఆమె వాకిట్లో, వాళ్ళ ఫోనులోనే రెండూ తెరిచి చూసి అప్పుడు తేల్చుకుందామన్నాడు. ఆదివారం మామాకోడలు హనుమకొండలో బస్సు మారి, భూపాలపల్లి దాటి కాటారంలో దిగి ఆటో ఎక్కారు.

కొమురమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, చాయ్ పోసి, వాకిట్లో అరుగులాంటి గద్దె మీద కూచుంది. మంజుల ఫోనులో మొదట శ్రీపాల్ కట్టింది తెరిచారు. చాయ్ అయిపోయింది, అది తిరుగుతూనే ఉంది. తర్వాత కీర్తన కొత్తది నొక్కింది. మంజుల ఫోను పట్టుకొని డాబా వైపు లేవబోయేలోపే అక్షరాలు వచ్చేశాయి.

"గింత బోసిగున్నదేంది?" అంది కొమురమ్మ తొంగిచూసి.

"అక్షరాలే ఉంటయి పెద్దమ్మా. సదువుతా, ఇనుండ్రి."

అది అక్కాతమ్ముళ్ళు పుట్టిన ఊరి అత్తాకోడండ్ల బాయి ముచ్చట. కీర్తన చదువుతుంటే కొమురమ్మ ఊ కొట్టింది. వాక్యానికొక ఊ. తమ్ముడు కళ్ళు దించుకొని వింటున్నాడు. ఆ బాయి దగ్గర అత్తాకోడళ్ళు రోజూ కొట్లాడుకునేవాళ్ళనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ రాసిన చోటికి వచ్చేసరికి ఊ ఆగిపోయింది.

"ఎవడు చెప్పిండు తమ్మీ నీకు?"

"హోటల్ కాడ విన్న అక్కా."

"మొగోళ్ళు చాయ్ తాగుకుంట చెప్పిన ముచ్చటనా! కరువుకు మొగోళ్ళంత కూలికి దేశం పోతే, గా అత్తాకోడండ్లే తవ్విండ్రు ఆ బాయిని. అత్త గడ్డపార ఏస్తే కోడలు మన్ను మోసింది. నువ్వింకా పుట్టలే. ఆళ్ళకు తిననీకి గటుక తీస్కపోయి ఇచ్చింది నేనే. కొట్లాడుకునేటోళ్ళకు నీళ్ళు పడ్తయార?"

కీర్తన మామ వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ తల దించుకుంది.

కుమారస్వామి అక్కడే గద్దె మీద కూచొని తన ఫోనులో ఆ వాక్యం తీసేశాడు. కింద, ‘మా అక్క కొమురమ్మ చెప్పింది’ అని మొదలుపెట్టి, ఆమె మాట ఆమె మాటగానే రాశాడు. కీర్తన దాన్ని పంపడానికి డాబా ఎక్కింది. దిగి వచ్చి ఆ పేజీ మళ్ళా తెరిచి వినిపించింది.

"నా పేరొక్కటేనా? మంజుల పేరు గూడ పెట్టు. ఫోను ఆమెది" అంది కొమురమ్మ.

మంజుల పేరూ ఎక్కింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచున్నాక కుమారస్వామి అన్నాడు: "కొత్తదే ఉంచుదాం బిడ్డా. ఎవలన్న చెప్పాలనుకుంటే ఫోన్ చేస్తరు, లేకుంటే గొంతు రికార్డు పంపుతరు. వాళ్ళ పేరు పెట్టి నేనే కింద రాస్త."

"మరి జనం కింద రాసిన పాతయి? వందలకొద్ది ఉన్నయి మామా. అన్ని మోస్తరా?"

"మోస్త. నాకేం పని?"

శ్రీపాల్‌కు ఆ మాట తానే పోయి చెప్పాడు. వాడు ఫ్లెక్సీ చుడుతూ, "సోకు లేకపాయె కాకా" అన్నాడు. తర్వాత, పాత చిరునామాకు వచ్చేవాళ్ళు దారి తప్పకుండా కొత్త పేజీలకు పోయేటట్టు వాడే సరిచేసి ఇచ్చాడు.

ఇప్పుడు కుమారస్వామి రోజూ పొద్దున చదివినవాళ్ళ పాత రాతలు కొన్ని తీసి కొత్త పేజీలకు ఎక్కిస్తున్నాడు. ఎవరి మాటైనా వాళ్ళను అడిగే పెట్టాలని ఆయన పట్టుదల. తెలిసినవాళ్ళకు ఫోన్ చేస్తాడు, తెలియనివాళ్ళకు మెయిల్ రాసి నంబరు అడుగుతాడు. పని నత్తనడక నడుస్తోంది. ఒక్క వాక్యం రాసిన మనిషి ఫోనులో గంటసేపు మాట్లాడతాడు. నిన్న మహబూబాబాద్ ఆమెకు చేస్తే ఫోటో ఊసు మరిచిపోయి, తన తల్లిగారి ఊళ్ళోని ఇంకో బాయి గురించి ఎత్తుకుంది. హరీష్ అన్నానికి పిలిస్తే కుమారస్వామి చేత్తోనే ఆగమన్నాడు.

"చెప్పు తల్లీ" అన్నాడు ఫోనులో. "ఆ బాయిని ఏమంటరు?"