ముందు సీటు మేస్త్రి

2022 వేసవి. మాస్కులు జనం ముక్కుల మీంచి గడ్డాల కిందికి జారిపోయిన రోజులు. కొవ్వూరులో గోదావరి గట్టు దిగగానే ఉండే నా షెడ్డుకి మళ్లీ జీపులు రావడం మొదలైంది. డీజిల్ జీపు పనిలో నా అంతటివాడు ఈ ఒడ్డున లేడు, ఆ రాజమండ్రి ఒడ్డునా లేడు. అటు చివర బ్రిడ్జి ఎక్కిన జీపు చప్పుడు విని, ఇటు చివర పడుకునే దాని జబ్బేంటో చెప్పేవాణ్ని.

సరే, బ్రిడ్జి కొంచెం ఎక్కువైంది. షెడ్డు ముందుకొచ్చి ఆగాక చెప్పేవాణ్ని. అదైనా ఒక్కోసారి డ్రైవరే ముందు చెప్పేస్తే.

ఈ కేసుని కూడా నేను టీ కొట్టు దగ్గర చాలాసార్లు చెప్పాను. అక్కడ చెప్పే కథలో తప్పు కనిపెట్టేది నేనే, సరిచేసేది నేనే. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

సూర్యారావు గారని లంక రైతు. లంకంటే గోదావరి మధ్యలో మేట వేసిన భూమి. వేసవిలో పాయలో నీళ్లు మోకాళ్ల దాకా తగ్గితే ఆయన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఇసకలోంచి, నీళ్లలోంచి అవతలికి వెళ్లిపోయేది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్. వెనక టార్పాలిన్ కప్పు, దాని కింద ఎదురెదురుగా రెండు బెంచీలు, వెనక భాగమంతా తెరిచే ఉంటుంది. పొద్దున్నే ఆ బెంచీల మీద కోతకెళ్లే ఆడకూలీలు, తిరుగుదారిలో వాళ్ల కాళ్ల మధ్య వంకాయల బస్తాలు.

నీళ్లలో దిగీ దిగీ ఆ జీపు ఎగ్జాస్ట్ పైపు తుప్పు తినేసింది. ఎగ్జాస్ట్ అంటే ఇంజన్లో పుట్టిన పొగని వెనక్కి తీసుకుపోయే గొట్టం. దాని మధ్యలో చప్పుడు మింగే డబ్బా సైలెన్సర్. రెండూ చిల్లులే.

"నా జీపు స్టార్ట్ చేస్తే వీధి వీధంతా లేచి కూర్చుంటోందండి," అన్నారు సూర్యారావు గారు. "ఈసారి నీళ్లు దూరని పైపు వెయ్యండి మేస్త్రి గారూ."

ఆ మాట నాకు ఎక్కేసింది. తుప్పు నట్లకి డీజిల్ రాసి నానబెట్టాను, రానివాటికి గ్యాస్ మంట చూపించాను. ఇంజన్ దగ్గర పైపుని కలిపే రేకు ఫ్లాంజ్. ఆ సందులోంచి పొగ కారకుండా కొత్త గ్యాస్కెట్ వేశాను. పైపు వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసక కూరుతాం. ఇసక ఎండుది కావాలి, తడిదైతే మంట తగలగానే లోపల ఆవిరి పుట్టి పేలుతుంది. పెనం మీద వేయించిన గోదావరి ఇసక కూరి, పైపుని ఏనుగు తొండంలా వంచాను.

మామూలుగా ఈ పైపు తోక బంపరు కింద ఆగిపోతుంది. నేను దాన్ని వెనక మూల నుంచి పైకి లేపి, కొమ్మలకి తగలకుండా టార్పాలిన్ అంచుకి జానెడు కిందుగా ఆపాను. పైపు నోటికి గుడ్డ అడ్డంపెట్టి విన్నాను. ఎక్కడైనా లీకుంటే అక్కడ బుస్సుమంటుంది. ఎక్కడా లేదు. నిలబెట్టిన బండిలోంచి పొగ నిటారుగా ఆకాశంలోకి పోయింది. తర్వాత ట్రయల్. మా పనిలో ట్రయల్ అంటే ఓనరు గారి పక్కన ముందు సీట్లో దర్జాగా కూర్చుని గట్టు మీద ఓ రౌండు వేసి టీ తాగడం. అలాగే చేశాం. బండి సన్నాయిలా పాడింది.

కొన్నాళ్లకి గ్రీజు కోసం జీపు షెడ్డుకొచ్చింది. వెనక్కూర్చున్న మంగ తల బయటపెట్టింది. కోత ముఠాలో నోరున్న మనిషి.

"బాబాయ్, నీ తొండం మా మొహాన ఊదుతోంది. దిగేసరికి తలకాయ పగిలిపోతోంది."

"చద్దన్నం తినకుండా బండెక్కితే తలనొప్పి రాక తలమీదికి కిరీటమొస్తుందేంటే?" అన్నాను.

అందరూ నవ్వారు. సూర్యారావు గారూ నవ్వారు. మంగ నవ్వలేదు. ఆమె పక్కనున్న నూకమ్మ అసలు తలే ఎత్తలేదు. ముఠాలో అందరికన్నా పెద్దది నూకమ్మ, పైపున్న మూలే ఆమె చోటు. లంకలో దిగగానే వాంతి చేసుకుని, పొద్దెక్కేదాకా నీడపట్టున పడుకుంటోందని తర్వాత విన్నాను.

విన్నాను అంటున్నాను గానీ, సూర్యారావు గారు నన్ను అడిగారు కూడా. "మేస్త్రి గారూ, కూలీలు పొద్దున్నే డీలా పడిపోతున్నారు. బండిలో ఏమైనా తేడా ఉందంటారా?"

"బండిలో ఏ తేడా లేదండి. తేడా అంతా మనుషుల్లోనే ఉంది. ఆ నూకమ్మకి ఒళ్లు వంగట్లేదు, పొగ వంక పెడుతోంది."

మర్నాటి నుంచి నూకమ్మని పనికి పిలవలేదు. ఆ సంగతి చెప్పడానికి మంగ షెడ్డుకే వచ్చింది.

"నూకమ్మత్తని మాన్పించేశారు. సోమరిదని నువ్వే చెప్పావంట. ఇప్పుడు ఏ ముఠా పిలుస్తుంది దాన్ని?"

"నేనంది బండి గురించే."

"అయితే రేపు వెనక్కూర్చుని రా."

"మేస్త్రన్నవాడు ముందు కూర్చుంటాడే."

"అందుకే చెప్తున్నా."

ఆమె నోరు మూయిద్దామనే వెళ్లాను. సూర్యారావు గారికి సరదా వేసి, మంగని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు. నేను నూకమ్మ చోట్లో కూర్చున్నాను. బండి కదలనంతసేపూ హాయిగానే ఉంది. కదిలాక తెలిసింది. పరిగెత్తే బండి వెనక గాలి సుడి తిరుగుతుంది. బయటికి పోవాల్సిన పొగని ఆ సుడి లోపలికి లాగి టార్పాలిన్ కింద నింపేస్తుంది. నేనా పొగని సరిగ్గా మనుషుల మొహాల ఎత్తుకి తెచ్చిపెట్టాను.

గట్టు దిగగానే ఆడవాళ్లందరూ ఒక్కసారే కొంగులు ముక్కులకి కట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలవాటైపోయింది. నేను గడ్డం కిందున్న మాస్కు పైకి లాక్కున్నాను. దానివల్ల ఏమీ కాలేదు. ఇసకలో ఇంజన్ మూలిగేసరికి పొగ నల్లగా వచ్చింది. పాయ దాటేసరికి కళ్లు తిరిగాయి. అవతలి ఒడ్డున దిగి, జీపు చక్రం పట్టుకుని వాంతి చేసుకున్నాను.

మంగ ముందు తలుపు తీసుకుని దిగింది. "చద్దన్నం తిన్నావా బాబాయ్?" అంది.

ఇక్కడితో ఆపితే నేను బుద్ధి తెచ్చుకున్నట్టే కనపడతాను. అసలు సిగ్గుపడాల్సింది దీని తర్వాతది. సూర్యారావు గారు కంగారుగా వచ్చి "ఏమైందండి?" అని అడిగితే, "క్లాంపు జారిందండి, పైపు పక్కకి తిరిగింది. బిగించేస్తే సరి," అన్నాను. మంగ నా వంక చూసింది.

షెడ్డుకి తెచ్చి తొండం కోసేశాను. తోకని బంపరు దాటించి, కింద పక్కకి తిప్పాను. నీళ్లలో ఉన్నంతసేపూ యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుంటే పైపులోకి నీళ్లు రావు. లోపలి పొగే తోసేస్తుంది. మోకాలి లోతు పాయకి ఆ జాగ్రత్త చాలు. ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. తొండం జీపు కోసం పెట్టింది కాదు, దారిన పోయేవాళ్లు ఆగి "ఇది ఎవరి పనితనం?" అని అడగడం కోసం పెట్టింది.

నూకమ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"తప్పు నీది కాదమ్మా, నా పైపుది. ఆ మాట చెబుదామనే వచ్చాను."

ఆమె చేతిలో పని ఆపలేదు. "నాది కాదని నాకు తెలుసు కదయ్యా. తెలిసినదానికి చెప్పడానికా ఇంత ఎండలో వచ్చావు? తెలియంది ఆయనకి."

మర్నాడు టీ కొట్టు దగ్గర, ఏ బెంచీ మీద కూర్చుని ఇన్నాళ్లూ గొప్పలు చెప్పానో దాని ముందే నిలబడి సూర్యారావు గారికి చెప్పాను. క్లాంపు జారలేదని, పైపు వంచడంలోనే తప్పుందని, నూకమ్మని అన్న మాట అబద్ధమని.

"నేను మిమ్మల్ని అడిగాను కదండీ," అన్నారాయన. అంతే. తిట్టుంటే బాగుండేది.

ఆరోజే నూకమ్మకి కబురు పెట్టారు. ఆమె రాలేదు. అప్పటికే కడియం నర్సరీల్లో మొక్కల పనికి కుదిరింది. అక్కడికి రెండు బస్సులు మారాలి, నడుం నొప్పి మనిషి. ఆ జీపు తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోందని మంగతో చెప్పి పంపింది. నేను సరిచేయగలిగింది పైపు ఒక్కటే.

ఇప్పటికీ పైపు బిగించాక ఓనర్లు ముందు తలుపు తీసి, "రండి మేస్త్రి గారూ, ఓ రౌండేద్దాం," అంటారు. నేను చుట్టూ తిరిగి వెనక్కెళ్లి, పైపున్న మూల చూసుకుని, అక్కడ కూర్చుంటాను. ముక్కుకి ఏదీ అడ్డం పెట్టుకోను.