మూడుసార్లు గుంజిన టేపు

మా అమ్మాయి వంకలోంచి పరుగెత్తుకొచ్చి గట్టెక్కింది. "ఏమైంది నాయనా? ఎందుకట్లా గుంజినావు?" అంది రొప్పుతూ.

నేను గుంజలేదు. కొలతల టేపు నా చేతిలోంచి కిందికి వదులుగా వేలాడి ఇసుక మీద పడి ఉంది.

ఆ మాట చెప్పేలోపే పైనుంచి హోరు వినిపించింది. బురదనీళ్లు కొమ్మలతో సహా వచ్చి, ఆమె అప్పటిదాకా నిలబడిన చోటును ముంచేశాయి.

దెయ్యాలను నేను నమ్మను. పత్రికలో పనిచేసినన్నాళ్లూ అలాంటి వార్తలు తెచ్చిన విలేకరులను "కళ్లారా చూసిందెవరు?" అని అడిగి వెనక్కి పంపేవాణ్ని.

అమ్మాయి తిరుపతిలో భూగోళశాస్త్రం పీజీ చదువుతోంది. కార్వేటినగరం వైపు కొండల్లోంచి దిగే ఒక వంక తన ఒడ్డును ఎంత కోసుకుంటోందో కొలవడం ఆమె ప్రాజెక్టు. జతగా రావాల్సిన స్నేహితురాలికి జ్వరమొస్తే, టేపు పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్లింది. "పేపర్లో మాదిరి అంకెలు పెంచి చెప్పొద్దు నాయనా," అని ముందే హెచ్చరించింది.

ఎండిన వంక మధ్యలో రెల్లు మనిషెత్తు పెరిగింది. అవతలి ఒడ్డు కింద ఆమె, ఇవతలి గట్టు మీద నేను. ఒకరికొకరం కనిపించం. ఫోన్లు పనిచేయవు. ఇలాంటి చోట విద్యార్థులు టేపుతోనే సైగ చేసుకుంటారట. రెండుసార్లు గుంజితే కొలత చూడు. మూడుసార్లు గుంజితే అన్నీ వదిలేసి నా దగ్గరికి రా.

ఆమె సైగ కోసం టేపు వైపే చూస్తూ ఉన్నాను. గాలి లేదు. చుట్టుపక్కల గొడ్డూ గోదా లేదు. నా వైపు టేపు కదల్లేదు.

"నువ్వు భ్రమపడి ఉంటావమ్మా," అన్నాను.

ఆమె అరచేయి చాపింది. టేపు కోసిన గీత ఎర్రగా తేలి ఉంది. "భ్రమ ఇట్లా కోస్తాదా? నువ్వే గుంజి, మళ్లా నన్ను బెదిరిస్తా ఉండావు."

పై కొండల్లో పెద్దవాన పడిందని సాయంత్రం ఊళ్లో చెప్పారు. నీళ్లకు కారణం అదే. టేపు రెల్లులో చిక్కుకుని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. చిక్కుకున్న టేపు ఆగి ఆగి మూడుసార్లు గుంజుతుందా?

ఆ తర్వాత మిగతా కొలతలకు ఆమె స్నేహితురాలితో వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ ఫోన్ వచ్చేదాకా ఇంట్లో నాకు కాలు నిలవలేదు.

ఇంటికొచ్చిన వాళ్లందరికీ, ఆ రోజు తనను నాయనే కాపాడినాడని చెబుతుంది. నేను గుంజలేదు.