మామ్మగారి ఇత్తడి రెక్కలు

నా చిన్నప్పుడు నా అంత పిరికిది మా సందు మొత్తం వెతికినా దొరికేది కాదు. పైకి మాత్రం నోరేసుకుని తిరిగేదాన్ని. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు గోడలు కనబడనివ్వకుండా వేలాడుతున్న రోజులవి. మేం అద్దెకుండే ఇంటి ఓనరు గారు పై రెండంతస్తులూ హాస్టల్ చేసేశారు. కాస్త ఖాళీ జాగా కనిపిస్తే చాలు, అక్కడో మంచం వేయించేవారు. కింద ఒక చిన్న గదిలో ఆయన మేనత్త ఉండేది. డెబ్భై అయిదు దాటిన మనిషి, పిల్లల్లేరు. మా అందరికీ ఆవిడ మామ్మగారు.

మామ్మగారి భర్త ఇంగ్లీషు వాళ్ళ కాలంలో యుద్ధవిమానం నడిపేవారు. పెళ్ళయిన ఎనిమిది నెలలకే విమానం కూలి చనిపోయారు. టెలిగ్రామూ, కాగితాలూ ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయాయి. మిగిలిందల్లా ఆయన చొక్కాకి పెట్టుకునే ఇత్తడి బ్యాడ్జీ. మధ్యలో కిరీటం, దానికి అటూ ఇటూ రెక్కలు. ఓనరు గారి హాల్లో ఆయన ఫొటో ఉండేది గానీ అది పెళ్ళిబట్టల్లో తీయించుకున్నది. ఓనరు గారి భార్యకి ఈ కథంటే నవ్వులాట. "పైలట్టూ లేదు గీలట్టూ లేదు, ఏ వంటవాడో అయ్యుంటాడు" అనేది, మామ్మగారు వినేలాగే.

నాకు మాత్రం మామ్మగారు ఆ బ్యాడ్జీ చేతికిచ్చేది. ఎడమ రెక్క చివర ఈకల గీతలు అరిగిపోయి నున్నగా ఉండేవి. అక్కడ నా వేలు పెట్టించి, "పారాచూట్ బెల్టు రాసుకుని రాసుకుని అరిగిందే ఇది. ఎగరనివాడి బ్యాడ్జీ ఇలా అరగదు" అని చెప్పేది. అలా చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి!

ఓనరు గారికి తెలిసిన కోచింగ్ సారొకాయన ఎస్.ఆర్. నగర్‌లో ఉండేవాడు. పాత మిలిటరీ బ్యాడ్జీలు పోగుచేయడం ఆయనకి పిచ్చి. ఏది అసలో ఏది నకిలీయో ఇంటర్నెట్‌లో చదివి నేర్చుకున్నాడట. ఆయన్ని పిలుస్తానన్నారు ఓనరు గారు. అసలుదని తేలితే ఇంట్లో ఇంకెవరూ నోరెత్తకూడదు, కాదంటే హాల్లో ఫొటో తీసేయాలి, అదీ షరతు. మామ్మగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, రమ్మనమంది. సారొచ్చే రోజు పొద్దున్నే ఇస్త్రీ చీర తీసి పెట్టుకుంది.

ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు నేను బ్యాడ్జీ డబ్బా తెరిచి చూశాను. ఈకల సందుల్లో నల్లగా, మురికిగా ఉంది. అయ్యో, పెద్దమనుషులు చూడ్డానికి వస్తుంటే ఇలాగా అనిపించింది. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం దేవుడి సామానంతా తోమడం చూసినదాన్నే కదా! చింతపండులో ఉప్పు వేసి, పాత టూత్‌బ్రష్‌తో సందు సందూ తోమి, కడిగి, తుడిచి పెట్టేశాను. బ్యాడ్జీ తళతళా మెరిసిపోయింది. మామ్మగారు ఎంత మురిసిపోతుందో అనుకున్నాను. ఓసి నా తెలివి తెల్లారా!

సారొచ్చాడు. అందరూ హాల్లో చేరారు. ఆయన డబ్బాలోంచి బ్యాడ్జీ తీసి, భూతద్దం పెట్టి, ముందోసారి వెనకోసారి చూశాడు.

"ఏమనుకోవద్దమ్మా. గన్నేండ్ల ఇత్తడి గిట్ల మెరుస్తదా? సందులల్ల జర నలుపు సుత లేదు. గీ పిన్ను చూస్తే కొత్తది. గిసుంటి డూప్లికేట్‌లు మస్తు వస్తున్నయి" అన్నాడు. మంచిగానే చెప్పాడు, వెటకారం చేయలేదు.

పిన్ను విరిగితే పంజాగుట్టలో కంసాలి చేత కొత్తది వేయించానని మామ్మగారు ఏదో అనబోయింది. ఓనరు గారి భార్య అప్పటికే నవ్వేస్తోంది. అరిగిన ఆ రెక్క చివర ఎవరూ చూడనే లేదు. నాకు తెలుసు. నేనే తోమాను, ఆ చివర చూడండి అంటే సరిపోయేది. కానీ గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. అంతకు ముందు వారమే ఓనరు గారింటి గాజు జగ్గు పగలగొట్టానని గరిటె తిరగేసి బాదింది. నేను గోడవైపు ఇంకాస్త జరిగాను.

మామ్మగారు బ్యాడ్జీ అందుకుని వాసన చూసింది. తర్వాత నా చేతులకేసి చూసింది. వేళ్ళ చివర్లు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని, నా రెండు చేతులూ తన కొంగు కింద దాచేసి, "తెలిసినవాళ్ళు మీరు చెప్పాక నేనింకేం అంటాను బాబూ" అంది.

సాయంత్రం ఆవిడ గదిలో ఏడుస్తూ, అందరికీ చెప్పేస్తానన్నాను. "ఇప్పుడు చెబితే నేనే నీకు నేర్పించానంటారే పిచ్చిదానా. పైగా మీ అమ్మ నిన్ను చంపేస్తుంది. మా ఆయనెవరో నాకు తెలుసు, చాల్లే" అంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఆ రాత్రి సుబ్బరంగా నిద్రపోయాను.

చాల్లే అంది గానీ, ఆవిడకి అది చాలలేదు. వారం తిరక్కుండా ఫొటో దిగిపోయింది, హాల్లో రెండు మంచాలు పడ్డాయి. మామ్మగారు ఆయన గురించి మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత అసలు మాట్లాడ్డమే మానేసింది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే తల నిమిరేది, అంతే. వానాకాలంలో జ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్చారు. మళ్ళీ ప్రాణంతో ఇంటికి రాలేదు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర ఓనరు గారి ఎదుట నిలబడి మొత్తం చెప్పేశాను. చింతపండు సంగతీ, అరిగిన రెక్క సంగతీ అన్నీ. ఆయన వడ్డనవాళ్ళకేసి చూస్తూ విన్నారు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ? ఆకులు వేశారు, పద" అన్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. గారెలు మళ్ళీ అడిగి వేయించుకుని మరీ తిన్నాను.

ఇప్పుడు నా తల సగం తెల్లబడింది. నా ఎదుట ఎవరినైనా అబద్ధాలకోరని అంటుంటే నా చూపు ముందు గుమ్మం వైపే పోతుంది, అక్కడ ఎవరున్నారోనని. ఆ పిరికితనం పోలేదు, పోదు కూడా. అయినా ఇప్పుడు మాట్లాడేస్తాను. ఈ సంగతి కూడా ఎవరు వింటారు, ఎవరికేం లాభం అని చూసుకోకుండా చెబుతూనే ఉంటాను. మామ్మగారి భర్త పైలట్టే. ఆ బ్యాడ్జీ అసలుదే. తోమింది నేను.